తుఫాను గుర్తుల హెల్మెట్

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. నేను ఒక హెల్మెట్‌నే గానీ మీకు తెలిసిన జాతి కాదు. పోలీసు కనిపించగానే తలకెక్కి, మలుపు తిరగగానే మోచేతికి వేలాడే స్కూటరు హెల్మెట్‌తో నన్ను పోల్చవద్దు. దానికి కనీసం ఒక గౌరవం ఉంది. దాన్ని పెట్టుకున్నవాడు దెబ్బ తగలకూడదని కోరుకుంటాడు. నన్ను పెట్టుకున్నవాడు దెబ్బను వెతుక్కుంటూ పరుగెత్తుతాడు.

అమెరికన్ ఫుట్‌బాల్ అనే ఆట కోసం నన్ను పుట్టించారు. ఆ ఆటలో బంతిని కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. బంతి గుండ్రంగా కూడా ఉండదు, రెండు వైపులా మొన తేలి పనసగింజలా ఉంటుంది. ఒక పక్షం పదకొండు మంది దాన్ని నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు మోసుకుపోవాలి. ఎదుటి పదకొండు మంది మీద పడి ఆపాలి. నాలుగు సెకన్ల కొట్లాట, అర నిమిషం మంతనాలు, మళ్లీ కొట్లాట. ఇంతకంటే మీరు తెలుసుకోనక్కరలేదు. విశాఖపట్నంలో మమ్మల్ని చూడటానికి వచ్చిన వేలమంది కూడా ఇంతకంటే తెలుసుకోలేదు.

నా పై చిప్ప గట్టి ప్లాస్టిక్. లోపల మెత్తలు, ముఖానికి ఇనుప చువ్వల జాలి. మెడ వెనక లోపలి వైపు సన్నటి అక్షరాలతో ఒక చీటీ అంటించి ఉంది. తలకు తగిలే ప్రతి గాయాన్నీ ఏ హెల్మెట్టూ ఆపలేదని ఆ చీటీ చెబుతుంది. నన్ను తయారుచేసినవాళ్లు రాసిన ఒకే ఒక నిజం అది. దాన్ని చదివినవాడిని నేనింతవరకు చూడలేదు.

మొదట ఒక అమెరికా ఊరి బడిలో పదేళ్లు పనిచేశాను. బడిపిల్లల తలలు నా మెత్తలకు ఒకటే. చెమట, సబ్బు వాసన, భయం. పదేళ్లు దాటిన హెల్మెట్టును వాడకూడదని అక్కడ నియమం ఉంది. అందుకని మమ్మల్ని పారేయకుండా పెద్ద పెట్టెల్లో సర్ది పేద దేశాలకు దానం చేశారు. పారేస్తే చెత్తబండి వస్తుంది, దానం చేస్తే పత్రికలో ఫొటో వస్తుంది. తన కొడుకు తలకు పనికిరానిది మరొకడి కొడుకు తలకు సరిపోతుందనుకోవడాన్ని మనుషులు ఉదారత అంటారు.

విశాఖలో మా పెట్టెలు విప్పినవాడు కాండ్రేగుల విశ్వంభరరావు గారు. రొయ్యల ఎగుమతిదారు. ఆ ఏడాది ఎవరో ఆరు నగరాలతో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ లీగు మొదలుపెడితే విశాఖ జట్టును ఆయన కొన్నాడు. దానికి 'సైక్లోన్స్' అని పేరు పెట్టాడు. ఒక తుఫాను ఈ ఊరి చెట్లను వేళ్లతో సహా పెకలించి ఎన్నో ఏళ్లు కాలేదు. ఆ వారమంతా బిందెలు పట్టుకుని నీళ్ల ట్యాంకర్ల వెంట పరుగెత్తినవాళ్లే ఇప్పుడు 'సైక్లోన్స్' అని రాసిన నీలం చొక్కాలు తొడుక్కుని ఈలలు వేశారు. పేరు పెట్టిన రావు గారికి మాత్రం ఆ వారం జనరేటరు ఉండేదట.

జట్టులో ఒక్కడికీ ఈ ఆట తెలియదు. కబడ్డీ వాళ్లు, కుస్తీ వాళ్లు, బరువులెత్తేవాళ్లు వచ్చారు. వాళ్లకు గురువు జోగినాథం మేష్టారు. ఒకప్పుడు బడిలో డ్రిల్లు మేష్టారు. మూడు నెలలు అమెరికాలో శిక్షణ పొంది ఒక నల్లకళ్లద్దం, ఒక ఈల, రెండు ఆలోచనలు వెంట తెచ్చుకున్నాడు. మొదటి ఆలోచన స్టిక్కర్లు. ఎదుటివాడిని గట్టిగా గుద్దిన ప్రతిసారీ ఆటగాడి హెల్మెట్ మీద ఒక తుఫాను గుర్తు అంటిస్తాడు. మూడో తరగతి పిల్లలకు చేతిమీద చుక్క పెడితే మురిసిపోతారు చూడండి, పాతికేళ్ల మగవాళ్లు అంతకంటే ఎక్కువ మురిసిపోయారు. రెండో ఆలోచన సంగతి కాసేపట్లో చెబుతాను.

నేను లెంక తవిటినాయుడి తలకు దక్కాను. అందరూ తవుడు అనేవారు. విజయనగరం వైపు మనిషి, బరువులెత్తడంలో జిల్లా స్థాయి పతకాలు ఉన్నాయి. బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడి, మీదికి వచ్చేవాళ్లను తలతో, భుజాలతో ఆపడం అతని పని. బంతిని ముట్టుకునే పనే లేదు. ఫైనల్ దాకా ఆడిన ప్రతి ఒక్కరికీ తన రొయ్యల కంపెనీలో పర్మనెంటు ఉద్యోగమని రావు గారు మైకులో చెప్పాడు. పతకాలు గోడకు తగిలించుకుని ఆరేళ్లుగా దినకూలికి వెళుతున్నవాడికి ఆ మాట చెవిలో పడితే ఇంకేం వినపడుతుంది?

మైదానం పక్క సామాన్ల గదిలో దొంగలు పడుతున్నారని హెల్మెట్లు ఇళ్లకు తీసుకుపొమ్మన్నారు. అలా నేను మధురవాడలో తవుడి రెండు గదుల వాటా చూశాను. అతని భార్య గౌరి జాకెట్లు కుట్టేది. వెళ్లిన మొదటి రోజే నా మెత్తలు ఊడదీసి కుంకుడురసంలో నానబెట్టి, నీడలో ఆరేసింది. పదకొండేళ్ల జీవితంలో నన్ను ఎవరైనా కడగడం అదే మొదలు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అమెరికాలో ఏ తల్లికీ ఆ ఆలోచన రాలేదు.

ఆ ఇంట్లో నన్ను ఆశ్చర్యపరిచినది మరొకటుంది. గౌరి దగ్గర కొలతల పుస్తకం లేదు. టేపు పట్టి అంకెలు పైకి అనేది, గుమ్మంలో కూర్చున్న తవుడు వినేవాడు, అంతే. ఆరు నెలల తర్వాత అడిగినా ఫలానా ఆవిడ ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు తడుముకోకుండా చెప్పేవాడు. వీధిలో నలభై మంది ఆడవాళ్ల కొలతలు ఆ తలలో ఒకదానితో ఒకటి కలవకుండా ఉండేవి.

ఆగస్టులో లీగు వాళ్లు ఒక డాక్టరమ్మను పంపారు. పేరు శాంతిశ్రీ. ఆట మొదలుకాకముందే ప్రతివాడి జ్ఞాపకశక్తిని కొలిచి కాగితం మీద రాసిపెడుతుంది. తర్వాత తలకు దెబ్బ తగిలితే మళ్లీ కొలిచి, మొదటి కాగితంతో పోల్చి, తగ్గితే ఆట ఆపేస్తుంది. బుద్ధిమంతులు పెట్టిన పద్ధతి. బుద్ధిమంతులు పెట్టిన పద్ధతికి జోగినాథం మేష్టారి రెండో ఆలోచనే విరుగుడు.

ఆమె పది మాటలు చదివింది. తవుడి ఒళ్లో నేనున్నాను.

"ఇప్పుడు గుర్తున్నవి చెప్పండి."

"నిమ్మకాయ... గొడుగు... రైలు... ఇంకేటమ్మా... దువ్వెన."

"అంతేనా? తొందరేం లేదు, ఆలోచించండి."

"మాది బరువులెత్తే బుర్రమ్మా. మాటలెత్తే బుర్ర కాదు."

పక్కన మేష్టారు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. డాక్టరమ్మ 'నాలుగు' అని రాసి సంతకం చేయించుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చి తవుడు ఆ పది మాటలూ గౌరికి వరసగా చెప్పాడు. తర్వాత వెనక నుంచి ముందుకు చెప్పాడు.

"మరి అక్కడెందుకు సెప్పనేదు మావా?"

"ఇప్పుడు పది సెప్పేననుకో, రేపు దెబ్బ తగిలి ఆరు సెప్తే ఇంటికంపేత్తారు. ఇప్పుడు నాలుగే సెప్తే, రేపు నాలుగు సెప్పినా సాలు. మేష్టారు సెప్పేరు. అమెరికాలో పెద్ద పెద్ద ఆటగాళ్లు ఇలాగే సేత్తారట."

"అయితే ఆ పెద్దోళ్లూ నీలాటోళ్లే అన్నమాట," అని గౌరి మిషను తొక్కింది.

ఆట మొదలైంది. ఏడు మ్యాచ్‌లలో ఐదు గెలిచాం. జనానికి పాయింట్లు అర్థంకాలేదు గానీ రెండు శరీరాలు ఢీకొన్న చప్పుడు అర్థమైంది. ఆ చప్పుడుకే లేచి నిలబడేవారు. టీవీలో వ్యాఖ్యానం చెప్పేవాడు తవుడిని 'విశాఖ ఉక్కుగోడ' అన్నాడు. నా మీద తుఫాను గుర్తులు ఇరవై దాటాయి. ఊరేగింపు ఏనుగులా తయారయ్యాను. మనుషులు తమకు జరుగుతున్న నష్టాన్ని లెక్కపెట్టుకుంటూ దాన్ని అలంకారమనుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

నా పని గురించి ఒక మాట. కోడిగుడ్డును డబ్బాలో పెట్టి, చుట్టూ దూది కుక్కి, మూత బిగించి, ఆ డబ్బాను గోడకేసి కొట్టండి. పెంకు పగలదు. అందరూ మూత తీసి చూసి భేష్ అంటారు. లోపల సొన ఏమైందో ఎవరూ అడగరు. నేను పెంకును కాపాడతాను. ఆ పని శ్రద్ధగా చేశాను. కాబట్టే నన్ను నమ్మి అతను మరింత గట్టిగా గుద్దాడు. లోపల సొన ఒక పక్క నుంచి మరో పక్కకు జారడం ప్రతిసారీ నాకు తెలిసేది.

సెమీఫైనల్ పుణే జట్టుతో. రెండో భాగంలో ఇద్దరు ఒకేసారి వచ్చి తగిలారు. తవుడు పడి, లేచాడు. మేష్టారు పరుగెత్తుకొచ్చి మూడు వేళ్లు చూపించి ఎన్నని అడిగాడు. "మూడు," అన్నాడు తవుడు. అంతటితో పరీక్ష అయిపోయిందని మేష్టారు వీపు తట్టాడు. ఆట అయ్యాక మాత్రం డాక్టరమ్మ పట్టుకుంది. కొత్తగా పది మాటలు చదివింది.

"కుర్చీ... ఏనుగు... అద్దం..." తవుడి వేళ్లు నా జాలిలోకి దూరి బిగుసుకున్నాయి. "...ఉప్పు."

"ఇంకా?"

"ఉండమ్మా. సెప్తాను. ఉండు."

అతను కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు.

ఆమె ఆగస్టు కాగితం తీసి పక్కన పెట్టుకుంది. "అప్పుడూ నాలుగే. ఇప్పుడూ నాలుగే. తేడా ఏం లేదు. ఫైనల్ ఆడొచ్చు."

బయట మేష్టారు తవుడి మెడ చుట్టూ చెయ్యేశాడు. "ఒరేయ్ తవుడూ, నటనంటే నీదిరా! ఆ 'ఉండమ్మా' అన్నావు చూడు, నేనే నమ్మేశాను."

"నటించనేదు మేష్టారూ."

మేష్టారి చెయ్యి దిగింది. నల్లకళ్లద్దం తీసి అటూ ఇటూ చూశాడు. నొప్పిగా ఉందా, కళ్లు తిరుగుతున్నాయా, ఇంటికి ఎలా వెళతావు... అడగడానికి చాలా ఉన్నాయి. ఆయన అడిగింది ఇది:

"ఎవరెవరికి చెప్పావు?"

"మీకే."

"చాలు. అక్కడితో ఆపు. ఫైనల్ ఆడినవాళ్లకే ఉద్యోగమన్నారు రావు గారు. తెలుసుగా? వారం రోజులు పడుకో, అదే సర్దుకుంటుంది."

తవుడు ఇంట్లోనూ చెప్పలేదు. కానీ పక్కవీధి కనకవల్లి గారి అమ్మాయి పెళ్లి జాకెట్టు ఆ వారమే కుట్టాలి. గౌరి ఎర్రపట్టు బల్లమీద పరిచి, కత్తెర చేతిలోకి తీసుకుని, అలవాటుగా అడిగింది. తవుడు తడుముకోకుండా అంకెలు చెప్పాడు. ఆమె కత్తిరించింది. భుజాలు కలిపి చూసి ఆగింది. అవి ఆ అమ్మాయి కొలతలు కావు. ఎవరివీ కావు.

గౌరి కేకలు వేయలేదు. పట్టు ముక్కలు కింద పెట్టింది.

"కొండమ్మక్కది సెప్పు మావా."

చెప్పాడు. తప్పు.

"పెద్దమేడ సీతారత్నం గారిది?"

ఈసారి అతను తడబడ్డాడు.

"పోనీ, నాది సెప్పు."

తవుడు ఆమె భుజాల వైపు చూశాడు, చేతుల వైపు చూశాడు, కళ్లతో కొలిచి చెప్పొచ్చేమో అన్నట్టు. తర్వాత నేలచూపులు చూశాడు. గౌరి పట్టు ముక్కలు మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున ప్రాక్టీసు సమయానికి ఆమె మైదానానికి వచ్చింది. నేరుగా డాక్టరమ్మ బల్ల దగ్గరికెళ్లి పట్టు ముక్కలు పరిచింది.

"అమ్మా, ఆగస్టులో మా ఆయన అబద్దం సెప్పేడు. పదికి పదీ తెలుసు. ఇంటికొచ్చి నాకు ముందుకీ ఎనక్కీ సెప్పేడు. మొన్నటి నాలుగే నిజం. ఆణ్ని ఆడించకండి."

డాక్టరమ్మ మంచిది. మంచివాళ్లు కాగితాన్ని నమ్ముతారు. "ఆయన సంతకం ఉందమ్మా ఇక్కడ. మీ మాట మీద ఆపేస్తే జట్టువాళ్లు ఊరుకోరు. ఆ మాట ఆయన నోటితో అంటే ఈ క్షణమే ఆపేస్తాను," అని తవుడిని పిలిపించింది.

తవుడు నన్ను చంకలో పెట్టుకుని వచ్చాడు. వెనకాలే సగం జట్టు వచ్చింది. వాళ్ల వెనక మేష్టారు. ఒక్క మాట అంటే చాలు. గౌరి అతని నోటివైపే చూస్తోంది.

"దానికి నేనాడ్డం ఇష్టం నేదమ్మా," అన్నాడు తవుడు. "బయం. నా బుర్రెప్పుడూ ఇంతే. సదువుకోనేదు కదా."

జట్టు నవ్వింది. ఎవడో, "వదినా, ఇంట్లోనే ఉంచేసుకుంటావేటి మా ఉక్కుగోడని?" అన్నాడు.

మనుషులు గొప్పలు చెప్పుకోవడం చాలా చూశాను. అది చూసి చూసి విసుగు పుట్టింది. అంత మంచి తలను పట్టుకుని, నలుగురిలో, భార్య ఎదుట, ఇది ఎందుకూ పనికిరానిదని చెప్పుకున్న మనిషిని చూడటం మాత్రం అదే మొదటిసారి. దానికి అతను ధైర్యమని పేరు పెట్టుకుని ఉంటాడు.

గౌరి పట్టు ముక్కలు సంచిలో వేసుకుంది. "సరేనమ్మా. నేనొచ్చి సెప్పినట్టు మాత్రం ఆ కాయితం మీద రాసుకోండి."

డాక్టరమ్మ కలం మూత తీసింది. కాసేపు పట్టుకుని, మళ్లీ మూత పెట్టేసింది.

ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం. హైదరాబాదు జట్టు. రావు గారు ఒక సినిమా నటిని, ఇద్దరు ఎమ్మెల్యేలను ముందు వరసలో కూర్చోబెట్టాడు. వాళ్లు మూడు గంటలూ ఫోన్లు చూసుకున్నారు. తవుడు మూడుసార్లు పడ్డాడు. మొదటిసారి పడి లేచినప్పుడు నా లోపల తల వేడిగా, వదులుగా ఉంది, కుండలో నీళ్లలా. రెండోసారి లేచి తిన్నగా హైదరాబాదు వాళ్లు మంతనాలాడుతున్న గుంపులోకి వెళ్లి, వాళ్ల భుజాల మీద చేతులేసి నిలబడ్డాడు. జనం పడీపడీ నవ్వారు. ఉక్కుగోడ ఎంత చిలిపివాడో అన్నాడు టీవీ వ్యాఖ్యాత. మేష్టారు రెక్క పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చి, వరసలో నిలబెట్టి, "ఎదురుగా వచ్చినవాణ్ని గుద్దు. అంతే," అన్నాడు. దానికి జ్ఞాపకంతో పని లేదు. చివరి నిమిషంలో ఇద్దరు వచ్చారు, తవుడు ఇద్దరినీ ఆపి మూడోసారి పడ్డాడు, వెనకనుంచి బంతి ఎగిరింది. నాలుగు పాయింట్ల తేడాతో సైక్లోన్స్ గెలిచింది.

రంగుకాగితాలు కురిశాయి. రావు గారు పరుగెత్తుకొచ్చి, తుఫాను గుర్తులు ఎక్కువ ఉన్నాయని నన్ను తీసుకుని తన తలకు పెట్టుకుని ఫొటోలు దిగాడు. ఎన్నో తలలు మోశాను. లోపల ఏదీ కదలని తల అదొక్కటే. అక్కడ బెంచీ మీద తవుడు బూటు తాడు విప్పుకున్నాడు, కట్టుకున్నాడు, మళ్లీ విప్పుకున్నాడు. గౌరి మైదానం గోడ దూకబోతే ఇద్దరు గార్డులు పట్టుకున్నారు. విజయోత్సవంలో ఆడవాళ్లు తొక్కిసలాటకు గురికాకూడదని వాళ్ల జాగ్రత్త.

మరుసటి ఏడాది లీగు లేదు. ఆడేవాళ్లు లేరు కాబట్టి ఓడించేవాళ్లూ లేరు. సైక్లోన్స్ శాశ్వత విజేత. రావు గారు కంపెనీ ముందుహాల్లో అద్దాల బీరువా చేయించి, కప్పుతో పాటు నన్ను అందులో పెట్టాడు. మాట మీద నిలబడే మనిషని ఊరంతా అనుకునేలా తవుడికి ఉద్యోగం కూడా ఇచ్చాడు. అద్దాల బీరువా పక్కనే ఒక స్టూలు. వచ్చినవాళ్లకు ఫైనల్ కథ చెప్పడమే ఉద్యోగం.

చెబుతాడు. రోజూ అవే మాటలు, గోడకు తగిలించిన బోర్డులో ఉన్న మాటలు. బంతి ఎలా ఎగిరింది, ఎక్కడ పడింది, జనం ఎలా లేచారు అన్నీ పైనుంచి కెమెరా చూసినట్టే చెబుతాడు. నా జాలి చువ్వల సందులోంచి మేమిద్దరం చూసింది ఒక్క ముక్కా అందులో ఉండదు. వినేవాళ్లకు ఆ తేడా పట్టదు. నాకొక్కదానికే తెలుస్తుంది, నన్నెవరూ అడగరు.

మొన్న వియత్నాం నుంచి రొయ్యలు కొనేవాళ్లు వచ్చారు. తవుడు కథ చెప్పాడు, దుబాసీ వాళ్లకు వినిపించాడు, చప్పట్లు కొట్టారు. అప్పుడే గౌరి క్యారేజీ పట్టుకుని లోపలికి వచ్చింది.

"ఇదిగో, ఈవిడ ఆయన భార్య. ఫైనల్ స్వయంగా చూసింది," అన్నాడు రావు గారు ఉత్సాహంగా. "నువ్వు కూడా చెప్పమ్మా, ఆ రోజు ఎలా ఉందో."

గౌరి క్యారేజీ కింద పెట్టింది.

"మొదటి దెబ్బకి ఆడు మోకాళ్ల మీద కూలబడిపోయేడు. అందరూ ఈలలేసేరు. రెండో దెబ్బకి మనోళ్లెవరో పైవోళ్లెవరో మర్సిపోయి అవతలోళ్ల మద్దెకెళ్లి నిలబడ్డాడు. అందరూ నవ్వేరు. మళ్లీ తెచ్చి నిలబెట్టేరు. మూడో దెబ్బకి నేను గోడ దూకబోతే పట్టీసుకున్నారు. అంతే బాబూ. నాకు తెలిసిన ఫైనలు అదే."

దుబాసీ నోరు తెరిచి, రావు గారి ముఖం చూసి, మూసేశాడు. రావు గారు తన ఫోను మోగకపోయినా తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అతిథులు కప్పును మెచ్చుకుంటూ పక్కకు జరిగారు.

తవుడు స్టూలు మీదినుంచి ముందుకు వంగి గౌరి చెప్పినదంతా శ్రద్ధగా విన్నాడు. ఈ కథ అతనెప్పుడూ విననిది. ముఖంలో నిజమైన జాలి కనిపించింది.

"పాపం," అన్నాడు. "తరవాత ఆడికేటయ్యిందే?"

గౌరి క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే విప్పింది.

"ఇంటికొచ్చేసేడు," అంది. "లే, సెయ్యి కడుక్కో."